చెక్క అచ్చుతో టీషర్టు మీద అద్దకం

నూలు టీషర్టే తీసుకోండి. ముందు డిటర్జెంట్‌తో ఉతికి ఆరబెట్టి ఇస్త్రీ చేయాలి. మిల్లులో పట్టించిన పూత మిగిలితే రంగు పోగులోకి ఇంకదు. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడితే మళ్లీ అదే ఇబ్బంది.

బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి పరవండి. గట్టి బల్ల మీద అద్దితే మధ్యలో తెల్ల మచ్చలు మిగులుతాయి. వెనక భాగానికి రంగు దిగకుండా చొక్కా లోపల అట్ట పెట్టండి. గుడ్డను మాత్రం లాగి బిగించకండి. అల్లిక బట్ట కదా, వదలగానే ముడుచుకుని బొమ్మ వంకరపోతుంది.

అసలు పనితనమంతా రంగు పట్టించడంలోనే ఉంది. ఫాబ్రిక్ పెయింట్‌ను స్పాంజికి పలచగా రాసి, దాని మీద అచ్చును రెండు మూడుసార్లు మెల్లగా తాకించండి. అచ్చు మీద చెక్కిన గాడుల్లో రంగు చేరితే గీతలు అలుక్కుపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. మొదటి అద్దకం పాతగుడ్డ మీదే. అచ్చును నిటారుగా దించి, అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో గట్టిగా నొక్కి, అంతే నిటారుగా ఎత్తాలి. కొంచెం జరిగినా అంచు రెండుగా పడుతుంది.

ఒక రోజు ఆరాక, తిరగేసి, ఆవిరి లేకుండా ఒక్కోచోట 3 నుంచి 5 నిమిషాలు ఇస్త్రీ చేయండి. మూడు రోజుల తర్వాతే ఉతకండి. అచ్చును నీళ్లలో నానబెట్టొద్దు, చెక్క ఉబ్బి పగులుతుంది. తడి బ్రష్‌తో రుద్ది నీడలో ఆరబెట్టండి.