సైలెన్సర్ నుంచి తెల్లపొగ: హెడ్ దింపే ముందు చూడవలసినవి

డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి పలుచని తెల్లపొగ రావడం, గొట్టం చివర నాలుగు చుక్కల నీరు కారడం జబ్బు కాదు. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి చల్లని గొట్టంలో నీరుగా మారి, గొట్టం వేడెక్కగానే మళ్లీ ఆవిరై పోతుంది. హన్మకొండలో బయలుదేరి కాజీపేట చేరేలోపు ఆ పొగ మాయమైతే దాన్ని మరచిపోవచ్చు. ఇంజన్ పూర్తిగా వేడెక్కిన తర్వాత కూడా ఆగకపోయినా, ఎండాకాలంలో వచ్చినా, వెనుక బండి కనబడనంత దట్టంగా కమ్మినా కారణం వెతకాలి.

వెతకడం కూలెంట్ డబ్బా దగ్గర మొదలు కావాలి. ఈ ఒక్క పని చేయకుండానే షెడ్డుకు వచ్చేవారు ఎందరో. కూలెంట్ తగ్గుతోందా అని అడిగితే "మొన్ననే పోసినం" అంటారు గానీ, మొన్న పోయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ఆలోచించరు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, డబ్బా మీద మట్టం దగ్గర మార్కర్‌తో ఒక గీత గీసి, మూడు నాలుగు రోజులు మామూలుగా నడిపి, మళ్లీ ఉదయం చల్లని ఇంజన్ మీదే చూడాలి. బండి డీజిల్‌దై, గీత దగ్గర మట్టం కదలకుండా, పొగ కళ్లు మండించి పచ్చి డీజిల్ వాసన వేస్తుంటే డీజిల్ సరిగా మండడం లేదని అర్థం. ఉదయం పూట మాత్రమే అలా ఉంటే చల్లని ఇంజన్‌ను లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గులు, రోజంతా ఉంటే డీజిల్ చిమ్మే నాజిళ్లు పరీక్షించాలి. మట్టం దిగి, బండి కింద ఎక్కడా తడి లేక, పొగలో తియ్యని వాసన ఉంటే కూలెంట్ లోపలికే పోతోంది.

అలా పోతోందనగానే అందరి నోటా వచ్చే మాట హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకు, దాని మీద కూర్చునే హెడ్‌కు మధ్య ఉండే పలుచని పొర. అది నిజంగా పోతే ఆనవాళ్లు దాగవు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై రేడియేటర్ పైపు రాయిలా గట్టిపడుతుంది, డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తాయి, బండి ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంది, కొన్నిసార్లు డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. ఆయిల్ మూత అడుగున కనిపించే కొద్దిపాటి తెల్లని నురగను మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. చలికాలంలో దగ్గరి దూరాలకే తిరిగే బండ్లలో అది మామూలే. కూలెంట్‌లో పొగవాయువును పట్టే నీలిరంగు ద్రావణంతో పరీక్షిస్తే, గ్యాస్కెట్ పోయిన ఇంజన్‌లో ఆ నీలం ఆకుపచ్చగానో పసుపుగానో మారుతుంది.

ఈ ఆనవాళ్లలో ఒక్కటీ లేకుండా కూలెంట్ మాత్రం తగ్గే డీజిల్ బండిని చూస్తే నాకు ఇప్పటికీ పరకాల నుంచి వచ్చిన బండి గుర్తుకు వస్తుంది. ఉదయం పది నిమిషాలు మబ్బులాంటి పొగ, ఆ తర్వాత శుభ్రం; వారానికి అర లీటరు కూలెంట్ మాయం. హెడ్ దింపి, ఆటోనగర్‌లో ఫేసింగ్ చేయించి (హెడ్ అడుగు చదును చేయించి), కొత్త గ్యాస్కెట్ వేసి పంపాను. దింపిన గ్యాస్కెట్ మీద కాలిన మచ్చ ఒక్కటి కూడా లేదు. అది కళ్లారా చూసి కూడా ఆగలేదు. నాలుగో రోజు ఆసామి ఫోన్ చేసి "అన్నా, పొగ అట్లనే ఉంది, డబ్బ మళ్ల దిగింది" అన్నాడు. కూలీ డబ్బులు తిరిగి ఇచ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఈజీఆర్ పైపు విప్పి లోపల వేలు పెడితే, పొడి మసి ఉండవలసిన చోట నల్లని బురద అంటింది. కూలర్ నోటి దగ్గర సున్నంలాంటి తెల్లని పొర కట్టి ఉంది.

ఈజీఆర్ అంటే మండిన వాయువులో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు. ఆ వాయువును చల్లబరిచే కూలర్‌లో సన్నని గొట్టాల ఒకవైపు వందల డిగ్రీల వేడి, మరోవైపు కూలెంట్ ఉంటాయి. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉండే ఆ గొట్టాలు ఎక్కడో పగులుతాయి. కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోసే మన అలవాటు వల్ల ఉప్పు పేరుకొని, ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. బండి ఆపిన తర్వాత కూడా లోపల ఒత్తిడి ఉంటుంది కనుక కూలెంట్ పగులులోంచి చుక్కచుక్కగా దిగి, తెల్లారి స్టార్ట్ చేయగానే మబ్బై లేస్తుంది. పగులు పెద్దదైతే నీరు సిలిండర్‌లో నిండి కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం కూడా ఉంది.

దీన్ని పట్టుకోవడానికి ఇంజన్ పక్కన ఉన్న ఈజీఆర్ పైపు విప్పి, ప్రెషర్ పంపుతో కూలింగ్ వ్యవస్థలో కూలెంట్ మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి, సాధారణంగా 1 బార్ దరిదాపు, ఎక్కించి కొన్ని గంటలు వదిలి టార్చితో లోపల చూడాలి. తడి కనిపిస్తే కూలర్ దింపి, కూలెంట్ దారుల్లో ఒకటి మూసి రెండోదానిలోంచి గాలి పంపి, పంక్చర్ షాపులో ట్యూబు ముంచినట్లు బకెట్‌లో ముంచాలి. బకెట్‌లో వేడినీళ్లే ఉండాలి, ఎందుకంటే చాలా పగుళ్లు వేడికే తెరుచుకుంటాయి. చన్నీళ్లలో ముంచి బాగుందని తిరిగి బిగించిన కూలర్లు నాకు తెలుసు.

పగిలిన కూలర్‌కు వెల్డింగ్ నిలవదు, మార్చాలి. పాత నీళ్లన్నీ తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కూలెంట్‌ను సగానికి సగం డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి నింపి, గాలి పూర్తిగా తీయాలి. ఈజీఆర్‌కే రేకు ముక్క పెట్టి మూసేయమని సలహా ఇచ్చేవారు దొరుకుతారు. ఇంజన్ లైటు వెలుగుతుంది, కాలుష్యం పెరుగుతుంది, కూలెంట్ కారడం ఆగుతుందన్న హామీ కూడా లేదు.

మిగిలినవి అరుదు. పెట్రోలు బండిలో బ్రేక్ ఆయిల్ జాడ లేకుండా తగ్గుతుంటే అది ఇంజన్‌లోకి పోయి పొగ అవుతుండవచ్చు; బ్రేక్ బూస్టర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు విప్పి తడి ఉందేమో చూడండి. బీఎస్-6 డీజిల్ బండి హైవే మీద అప్పుడప్పుడు కాస్త తెల్లపొగ వదిలి ఆపేస్తే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకుంటూ ఉండవచ్చు. హెడ్ పగిలిన బండి సాధారణంగా అంతకుముందే బాగా వేడెక్కి రోడ్డు మీద ఆగి ఉంటుంది.

కూలర్ మార్చిన మొదటి రోజు పొగ రావచ్చు. సైలెన్సర్‌లో మిగిలిన కూలెంట్ ఆవిరి కావడానికి ములుగు దాకా వెళ్లి వచ్చేంత దూరం పట్టినా ఆశ్చర్యం లేదు. అప్పుడు పొగను చూడకుండా డబ్బా మీద కొత్త గీత గీసి, రెండు వారాలు ఉదయం పూట దాన్నే చూడాలి.