కోడి కార్జంలో గడ్డలు: ల్యుకోసిసా, మేరెక్సా? కోసి తేల్చుకోండి

మేత తింటూనే చిక్కిపోయి చచ్చిన పెట్టను కోస్తే కార్జం నిండా తెల్లగడ్డలు. చాలామంది వెంటనే మేరెక్స్ (హెర్పిస్ వైరస్ తెచ్చే, టీకా ఉన్న జబ్బు) అనేస్తారు. ల్యుకోసిస్ అనే జబ్బు తెచ్చే రెట్రోవైరస్ (కోడి జన్యువుల్లో కలిసిపోయే రకం వైరస్) కూడా ఇలాంటి గడ్డలే పెడుతుంది, దానికి టీకా లేదు. కాబట్టి తేడా తెలియాలి.

ఒకేసారి చాలా కోళ్లు చచ్చిపోతుంటే మాత్రం కోయొద్దు, పశువైద్యాధికారికి చెప్పండి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో అలా చచ్చిన కోళ్లలో తేలింది బర్డ్ ఫ్లూ.

మిగతా సందర్భాల్లో చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, చచ్చిన వెంటనే కోయండి. రోహిణి కార్తె ఎండల్లో ఆలస్యమైతే కణజాలం కుళ్లి సూక్ష్మదర్శినిలో ఏమీ తేలదు. మలద్వారం దగ్గర వెన్నువైపు ఉండే సంచి బర్సా. పైనుంచి చూసి వదిలేయకుండా చీల్చి మడతల్లో వెతకండి. గట్టి గడ్డ తగిలితే ల్యుకోసిస్ అనుమానం బలపడుతుంది. తర్వాత రెండు తొడల్లోని సయాటిక్ నరాలను బయటపెట్టి పోల్చండి. ఒకవైపు నరం ఉబ్బి, దాని మీది అడ్డచారలు పోతే మేరెక్స్ వైపు మొగ్గాలి. నరాలు మామూలుగా ఉన్నంతమాత్రాన మేరెక్స్ కాదనలేం.

వయసు కూడా చూడాలి. 1911లో శాస్త్రవేత్త పేటన్ రౌస్ కోడి కంతి నుంచి వేరుచేసిన వైరస్‌లో సార్క్ అనే కేన్సర్ జన్యువు ఉంది, అందుకే ప్రయోగశాలలో అది కొద్ది రోజుల్లోనే కణాల రూపు మార్చేస్తుంది. ల్యుకోసిస్ వైరస్‌కు అలాంటి జన్యువు లేదు. తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి కోడి జన్యుపదార్థంలో ఎక్కడో ఒకచోట దూరుస్తుంది. బర్సాలోని బి కణంలో (రోగనిరోధక కణం) కణవిభజనను నడిపే మిక్ జన్యువు పక్కన పడితే ఆ కణం ఆగకుండా చీలుతుంది. అలా పడి, గడ్డ పెరగడానికి నెలలు కావాలి. 14 వారాల లోపు కోడిలో గడ్డలుంటే ముందు మేరెక్స్‌నే అనుమానించండి.

కంటిచూపుతో తుది మాట చెప్పకండి. కణజాలం కుళ్లకుండా ఆపే ఫార్మలిన్‌ మందు 100 మి.లీ. తీసుకుని 900 మి.లీ. నీటిలో కలపండి. బర్సా, కార్జం, ప్లీహం, నరం నుంచి 5 మి.మీ. మించని ముక్కలు తీసి, వాటికి పదింతల ద్రావణంలో వేయండి. ముక్క మందమైతే లోపలికి మందు దిగదు, లోపల కుళ్లుతుంది. ఈ ముక్కలను ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలిపోతాయి. పీసీఆర్‌కు (వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష) ఫార్మలిన్ వేయని ముక్కలు విడిగా కావాలి, రొయ్యల చెరువుల దగ్గర దొరికే థర్మోకోల్ పెట్టెలో ఐస్ మీద పంపండి. ల్యుకోసిస్ వైరస్‌లోని పీ27 అనే ప్రొటీన్‌ను వెతికే పరీక్ష పాజిటివ్ వచ్చినా జబ్బు ఖాయమని కాదు. కోడి జన్యువుల్లో పుట్టుకతోనే ఉండే పాత రెట్రోవైరస్‌లు కూడా ఆ ప్రొటీన్ చేయగలవు.

ల్యుకోసిస్ అని తేలితే ఆ పెట్ట పెట్టిన గుడ్లు పొదగేయొద్దు. వైరస్ గుడ్డు ద్వారా కూడా పిల్లకు చేరుతుంది.