కళాశాల బోధనలో వికీని ఉపయోగించే విధానం

అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తొలి వికీని ప్రారంభించినప్పటి నుంచి దాని మూలసూత్రం మారలేదు: చదివేవారే పేజీని సరిదిద్దవచ్చు. నేటి వికీల్లో ప్రతి మార్పూ పేజీ చరిత్రలో నమోదవుతుంది కూడా. తరగతి గదికి ఎక్కువగా అక్కరకు వచ్చేది ఈ రెండో లక్షణమే.

కళాశాలలో ఇప్పటికే ఆన్‌లైన్ తరగతులు నడిపే మూడుల్ సాఫ్ట్‌వేర్ ఉంటే అందులోని వికీ సరిపోతుంది; సొంత సర్వర్ ఉన్నచోట వికీపీడియా వాడే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌ను గానీ, డేటాబేస్ అవసరం లేని డోకువికీని గానీ పెట్టుకోవచ్చు. ఖాళీ పేజీ ఇచ్చి రాయమంటే విద్యార్థులు ముందుకు రారు కాబట్టి, అధ్యాపకులే ఉపశీర్షికలను, ఒక నమూనా పేరాను సిద్ధం చేసి ఉంచాలి.

నలుగురైదుగురితో జట్లు కట్టి, ఒక్కో జట్టుకు ఒక్కో పేజీ అప్పగించాలి. ఉదాహరణకు, కిరణజన్య సంయోగక్రియ పేజీలో ఒకరు కాంతి చర్యలను, మరొకరు కాల్విన్ చక్రాన్ని వివరిస్తే, మూడో విద్యార్థి ఆ రెండు భాగాలనూ కలుపుతూ, కణంలో శక్తిని అందించే అణువైన ఏటీపీ ఎక్కడ తయారై ఎక్కడ ఖర్చవుతుందో సరిచూడాలి. అసలైన అవగాహన చాలావరకు ఈ అతుకుల దగ్గరే కుదురుతుంది. తోటివారి వాక్యాన్ని దిద్దడానికి జంకేవారు ముందుగా ఆ పేజీకి అనుబంధంగా ఉండే చర్చా పేజీలో కారణం రాసి, ఆ తర్వాతే మార్చాలన్న నియమం పెడితే మొహమాటం తగ్గుతుంది.

మార్కులు వేసేటప్పుడు పేజీ చరిత్రలోని కూర్పులను పక్కపక్కన పెట్టి పోల్చాలి. మార్పుల సంఖ్యను మాత్రం నమ్మకూడదు. కామాలు దిద్దుతూ 20 మార్పులు చేసినవారి కన్నా ఒక తప్పుడు నిర్వచనాన్ని సవరించినవారి కృషే పెద్దది. గడువుకు ముందురోజు రాత్రి ఎక్కడినుంచో తెచ్చి అతికించిన పేరాలూ అక్కడే బయటపడతాయి. ఎవరైనా పొరపాటున పేజీలోని పాఠాన్ని చెరిపేసినా, పాత కూర్పును అక్కడినుంచే పునరుద్ధరించవచ్చు.