రొయ్యల గుంట గట్టుపై యాప్ తడబడితే: సమస్య - పరిష్కారం

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల రైతుల కోసం మేత లెక్కల యాప్ తయారుచేసినప్పుడు, నెల్లూరు ఆఫీసులో చక్కగా పనిచేసిన తెరలే గుంట గట్టు మీదికి వెళ్లగానే మొరాయించాయి. అక్కడ ఎదురైన చిక్కులు, మేము చేసిన దిద్దుబాట్లు ఇవి.

సమస్య: ఒకే మేత రెండుసార్లు నమోదవుతోంది

ఉదయం వేసిన 25 కేజీల బస్తా లెక్కలో 50 కేజీలుగా కనిపిస్తే రైతు తొందరపడ్డాడని అనుకుంటాం. కానీ సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట 'సేవ్' నొక్కాక తెరలో చలనమే లేకపోతే ఎవరైనా మళ్లీ నొక్కుతారు. యాప్‌లు, వెబ్‌సైట్ల వాడుక తీరును అధ్యయనం చేసిన నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన కొలత ప్రకారం 0.1 సెకనులోపు స్పందన కనిపిస్తేనే పని వెంటనే జరిగినట్టు తోస్తుంది. 10 సెకన్లు దాటితే ధ్యాస మరోవైపు మళ్లుతుంది. అందువల్ల నొక్కిన క్షణంలోనే బటన్‌పై 'నమోదవుతోంది' అని చూపి, రెండో నొక్కును పట్టించుకోకుండా చేసి, లెక్కను ముందు ఫోనులోనే దాచి సిగ్నల్ వచ్చాక పంపాలి. ప్రతి నమోదుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తే, అదే లెక్క మళ్లీ వచ్చినా సర్వర్ గుర్తుపట్టి వదిలేస్తుంది.

సమస్య: రొయ్య ఎదుగుతున్నా యాప్ ఎర్ర బాణం చూపుతోంది

దీనికి కారణం మేమే. కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య కాబట్టి, 100 కౌంటు నుంచి 60 కౌంటుకు దిగడం రైతుకు శుభవార్త. సంఖ్య తగ్గితే నష్టమని భావించే రెడీమేడ్ గ్రాఫును మేము యథాతథంగా వాడాము. ఒక రైతు దానిని చూసి, రోగం తగిలిందేమోనని చెక్ ట్రేలు (మేత, రొయ్యల తీరు చూడటానికి గుంటలో దించే పళ్లాలు) పైకి లాగి చూశారు. బాణం తీసేసి, 'ఇంతకుముందు 100 కౌంటు, ఇప్పుడు 60. రొయ్య పెరిగింది' అని మాటల్లోనే రాశాము. ఎరుపు, ఆకుపచ్చల తేడా కంటికి ఆనని వారికీ ఇది ఉపయోగపడింది.

సమస్య: తెలుగు ఒత్తులు సగానికి తెగిపోతున్నాయి

ఇంగ్లీషు అక్షరాలకు సరిపడే ఎత్తుతో గడి గీయడం దీనికి మూలం. ఎత్తును బిగించకుండా వదిలి, 'స్త్రీ', 'ఏర్పాట్లు' వంటి మాటలతో సరిచూసుకోవాలి.

సమస్య: ఎండలో అక్షరాలు కనిపించవు, తడి వేలికి బటన్ అందదు

బూడిదరంగు అక్షరాలు ఆఫీసులో అందంగానే ఉంటాయి. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య కాంతి భేదం కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. మిట్టమధ్యాహ్నపు గట్టుకు అది కూడా చాలలేదు, తెలుపుపై నలుపే నిలిచింది. బటన్ కొలత ఆండ్రాయిడ్ సూచించే 48 డీపీకి (డీపీ అంటే తెరపై వస్తువుల పరిమాణాన్ని కొలిచే యూనిట్) తగ్గకుండా ఉంచి, 'తొలగించు'ను 'సేవ్' పక్కనుంచి తెర పైభాగానికి మార్చాము.