పాత ఇల్లు రిపేరా? రేటు మాట్లాడే ముందు గోడ విప్పి చూడండి

వరంగల్‌లో గిర్మాజీపేట, మట్టెవాడ, కరీమాబాద్ వైపు పాత ఇండ్లు బాగుచేయడం నా పని. మా బాపు డంగు సున్నంతో ఇండ్లు కట్టిన మేస్త్రి. ఆయన కాలం గోడల్నే ఇప్పుడు నేను విప్పి చూస్తున్నాను. నన్ను పిలిచినవాళ్లు ముందుగా టైల్స్ గురించి, రంగుల గురించి అడుగుతారు. నేను మాత్రం గోడలకు సిమెంటు గిలాబు, అంటే ప్లాస్టరింగ్, ఎప్పుడు చేయించారని అడుగుతాను. పాత ఇంటి రోగం ఎక్కువసార్లు దాని వెనకే దొరుకుతుంది.

పాత గోడంటే ఇటుకో రాయో, మధ్యలో సున్నమో మట్టో. నేలలోని చెమ్మను ఆపడానికి ఇప్పుడు పునాది మీద వేసే డీపీసీ పొర వాటికి ఉండదు. చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. పైన సున్నం గిలాబు ఉన్నన్నాళ్లు ఎక్కిన చెమ్మ ఎక్కినట్టే ఆరిపోయేది. దానిమీద సిమెంటు కొట్టేసరికి బయటికి దారి మూసుకుపోయి, చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. ఉప్పు పొంగి లోపలి సున్నం పిండి పిండి అవుతుంది. పైన పుట్టీ, రంగు ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు గోడ కొత్తదే.

అందుకే రేటు ఖాయం చేసుకునే ముందే ఒక పూట కూలి పెట్టుకుని కొన్నిచోట్ల పగలగొట్టించండి. బాత్రూం గోడకు అవతలి వైపు, వాన కొట్టే గోడ కింద, దూలం గోడలోకి పోయే చోట, వంటింటి మోరి (నీళ్లు పోయే తూము) పక్కన. అడుగు మేర గిలాబు తీస్తే చాలు. అంతకుముందు సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ పోండి. డబడబమని బోలుగా మోగిన చోట సుద్దముక్కతో గీత గీయండి. అక్కడ కూడా పగలగొట్టించాలి.

దూలం దగ్గర మాత్రం తొందరపడొద్దు. గిర్మాజీపేటలో ఒక ఇంటి పెద్దర్రలో టేకు దూలానికి నిగనిగలాడే పెయింటు వేసి ఉంది. "ఆదిలాబాద్ టేకు అన్నా, మా తాత ఏరి తెచ్చిండు, దీనికేమైతది" అన్నాడు ఇంటాయన. దూలం నడుమ నిజంగానే ఉక్కులా ఉంది. గోడ దగ్గర గిలాబు తీసి, దూలం చివర స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగింది. బయట పెయింటు పొర, లోపల చెదల మట్టి. పైకప్పు బరువు అంతా ఆ చివర మీదే ఆనాలి. ఆయన ముఖం చూసి ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

ఇలాంటిది బయటపడితే ముందు దూలం కింద సెంట్రింగ్ జాకీలు నిలబెట్టించండి. ఆ తర్వాతే గోడను ముట్టుకోవాలి. దూలం మొత్తం మార్చాల్సిన పని ప్రతిసారీ ఉండదు. పాడైన చివర కోసేసి, గట్టి కట్టెకు రెండు పక్కలా ఇనుప చానళ్లు బోల్టులతో బిగించి, గోడలో గ్రానైట్ దిమ్మె మీద కూర్చోబెట్టవచ్చు. చానల్ సైజు, బోల్టుల లెక్క ఇంజనీర్‌తో వేయించండి. కట్టె చివర చుట్టూ సిమెంటు కుక్కనివ్వకండి, గాలి ఆడే సందు వదలాలి. చెదల మందు కోసం గోడ, నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం వేసి పోస్తారు. ఇంట్లో బావి ఉంటే ముందే చెప్పండి, దాని చుట్టుపక్కల మందు పోయకూడదు.

చెమ్మ ఎక్కిన గోడకు మళ్లీ సిమెంటు కొట్టించుకోవద్దని చేతులు పట్టుకుని చెప్తాను. వాటర్‌ప్రూఫ్ పెయింటు కూడా వద్దు. చెమ్మ గీత కంటే రెండడుగులు పైదాకా సిమెంటు చెక్కేసి, గోడను ఆరనివ్వండి. ఎండాకాలమైనా వారాలు పడుతుంది. తర్వాత ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో గిలాబు చేయించండి. సున్నం తడిపేటప్పుడు కుతకుత మరుగుతుంది, కళ్లద్దాలు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దు. గోడ ఆరడానికి ఎండలు కావాలి కాబట్టి నేను ఇలాంటి పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి, మృగశిర కార్తె లోపల ముగిస్తాను.

పర్రెలన్నీ, అంటే గోడ పగుళ్లన్నీ, ఒక్కటి కాదు. గిలాబు మీద వెంట్రుకల్లా ఉన్నవాటికి టెన్షన్ పడకండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయి, వేలు దూరేంత ఉంటే పునాది కదులుతుందేమో చూడాలి. నల్లరేగడి నేలలో వానకు మట్టి ఉబ్బి, ఎండకు కుంగుతుంది, గోడ దానితోపాటే ఆడుతుంది. పర్రె మీద అడ్డంగా సన్నని గాజుముక్క సిమెంటుతో అతికించి తేదీ రాయండి. గాజు పగిలితే పర్రె ఇంకా కదులుతున్నట్టే, పూడ్చినా ఆగదు. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తర్వాత పడిన పర్రెనా, అంతకుముందుదేనా అని ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అలాగే 2020 ఆగస్టు, 2023 జూలై వరదలకు ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పక్కింటివాళ్లను కూడా అడగండి. ప్లగ్ పాయింట్లు ఆ గీతకు పైన పెట్టించాలి.

నడవలో నాలుగు బండలు బోలుగా మోగితే కింద పూడ్చిన చేదబావి ఉండొచ్చు. దానిమీద పిల్లర్ గానీ గోడ గానీ లేపనివ్వకండి. నాకైతే బావి తెరిచి, ఒరలు బాగుచేసి, గట్టి జాలీ వేసి, మిద్దె మీది వాన నీళ్లను వడకట్టి అందులోకి పంపడమే ఇష్టం. మనసొప్పకపోతే మొరం పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరా దిమ్మిస కొట్టించండి.

కరెంటు సంగతి రెండు మాటల్లో చెప్తాను. చెక్కపట్టీల మీద పోయే పాత వైరింగ్‌ను అతకడం వద్దు, మొత్తం తీసేయండి. ఎర్తింగ్ కొత్తగా వేయించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. వసారా మీది పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని కోయకుండా, పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి దించాలి.

ఖిలా వరంగల్ లోపలో, వేయిస్తంభాల గుడి దగ్గరో ఇల్లుంటే ఇంకో సంగతి. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం, రిపేరుకు కూడా అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలోనూ అనుమతి లేకుండా కట్టకూడదు. హన్మకొండలో ఒకాయన గోడ సగం లేపాక నోటీసు వచ్చింది, అప్పటికే పెట్టిన ఖర్చు అంతా పోయింది. పురావస్తు శాఖ నిబంధన గురించి ఆయన కాంట్రాక్టర్ ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఇవన్నీ చూశాకే రేటు మాట్లాడండి. కనిపించే పనికి గుత్త, గోడ విప్పాక బయటపడే పనికి రోజు కూలి అని కాగితం మీద విడివిడిగా రాయించుకోండి. అనుకున్న బడ్జెట్‌లో వందకు ఇరవై పక్కన పెట్టి, టైల్స్ షాపుకు పోయేటప్పుడు ఆ డబ్బు లేదనే అనుకోండి. పైపులు, వైర్లు మూసేముందు టేపు పట్టి ఫొటోలు తీసి, ఆ ఇంట్లో ఉండేవాళ్లందరికీ వాట్సాప్‌లో పంపించండి.