డింగీ ట్రైలర్ దారిలో మొరాయిస్తే: న్యూజెర్సీ నుంచి మయామీ దాకా

క్రిస్మస్ వెళ్ళగానే మయామీ కోకోనట్ గ్రోవ్‌లో కోరల్ రీఫ్ యాట్ క్లబ్ వాళ్ళు ఆరెంజ్ బౌల్ రెగట్టా పెడతారు. పిల్లల చిన్న తెరచాప పడవల (డింగీల) పోటీ అది. మా అబ్బాయి ఐఎల్‌సీఏ 6 నడుపుతాడు. పాతవాళ్ళు ఇప్పటికీ లేజర్ అనే పిలిచే పడవే ఇది. న్యూజెర్సీలోని ఎడిసన్ దగ్గర్నుంచి ఐ-95 హైవే పట్టుకుని దిగితే దాదాపు 1,250 మైళ్ళు. పడవ బరువు 59 కిలోలే కాబట్టి కారుకు అది లెక్కలోకి రాదు. తంటా అంతా ట్రైలర్‌తోనే. సెప్టెంబర్ నుంచి పెరట్లో ఆకుల కింద పడి ఉన్నదాన్ని ఒక్కసారిగా రెండు రోజులు హైవే మీద పరిగెత్తిస్తాం. దారిలో కనబడే జబ్బుల్లో ముప్పాతిక వంతు పెరట్లో మొదలైనవే. మాకు ఎదురైనవీ, తోటి తల్లిదండ్రులకు ఎదురవగా నేను చూసినవీ ఇక్కడ రాస్తున్నాను.

ఒక చక్రం దగ్గర కాలిన వాసన, లేదా కీచుమని శబ్దం

అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది ఇదే. ట్రైలర్ చక్రాలు చిన్నవి. 12 అంగుళాల రిమ్ము మీద టైరు మొత్తం ఎత్తు 20, 21 అంగుళాలు ఉంటుంది. కారు టైరు ఒకసారి తిరిగేలోగా ఇది ఒకటింబావు సార్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగం భారమంతా హబ్ (చక్రం మధ్యలోని దిమ్మ) లోపలి బేరింగుల మీద పడుతుంది. గ్రీజు ఎండిపోయినా, లోపలికి నీళ్ళు చేరినా బేరింగు వేడెక్కి కాలిపోతుంది. అప్పుడు చక్రం ఊడి పక్క లేన్‌లోకి పోవచ్చు.

నీళ్ళు ఎలా చేరతాయంటారా? పాత యజమాని ట్రైలర్‌ను ర్యాంపు మీద నీళ్ళలోకి దింపి ఉంటాడు. వేడి మీదున్న హబ్ చల్లటి నీళ్ళు తగలగానే లోపలి గాలి ముడుచుకుని, సీలు పక్కనుంచి నీళ్ళను లాక్కుంటుంది. సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ కొన్నవాళ్ళు దీన్ని ముందే అనుమానించాలి.

పెట్రోలు కోసం ఆగిన ప్రతిసారీ రెండు హబ్‌ల మీదా చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఆన్చలేనంత వేడిగా ఉన్నా, ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉన్నా ఇక ముందుకు పోవద్దు. జాకీ ఎత్తి టైరును పైనా కిందా పట్టుకుని కదపండి. లొటలొటమంటే నట్టు వదులైందన్నమాట. హబ్ మూత తీసి, చక్రం తిప్పుతూ నట్టును బిగించి, మళ్ళీ వదులు చేసి, వేళ్ళతో బిగినంత వరకే ఉంచి స్ప్లిట్ పిన్ను పెట్టాలి. గట్టిగా బిగిస్తే మంచిదనుకుని పానాతో నొక్కినవాళ్ళే బేరింగులు కాల్చుకుంటారు. గ్రీజు పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి. బేరింగు నీలం రంగుకు తిరిగితే దాన్ని ఇక నమ్మొద్దు.

చక్రం లోపలి వైపంతా గ్రీజు చిమ్మి ఉందా? గ్రీజు గన్‌తో అతిగా కొట్టడం వల్ల వెనక సీలు ఊడింది. ఈ తప్పు నేనే చేశాను. రాకీ మౌంట్ దగ్గర రెస్ట్ ఏరియాలో, "నాన్నా, చక్రం నల్లగా అయిందేంటి?" అని వాడు అడిగేదాకా నాకు తెలియలేదు.

నా మాట వింటే బేరింగులు నింపి, గ్రీజు పెట్టి సిద్ధంగా ఉంచిన హబ్ ఒకటి డిక్కీలో వేసుకోండి. చలిలో, చీకట్లో, రోడ్డు పక్కన బేరింగు కూర్చునే ఉక్కు వలయాలు కొట్టి తీయడం కంటే హబ్ మొత్తం మార్చేయడం అరగంట పని.

ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసగ్గా వెలుగుతోంది

ఎర్త్ పోయింది. బల్బులు కొనడానికి పరిగెత్తకండి. నాలుగు తీగల ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ ఇండికేటరూ బ్రేకూ, ఆకుపచ్చ కుడి ఇండికేటరూ బ్రేకూ. తెల్ల తీగ ట్రైలర్ ఇనుముకు స్క్రూతో కలిసే చోట తుప్పు పడితే కరెంటు తిరుగుదారి వెతుక్కుంటూ అవతలి బల్బులోంచి పోతుంది. అందుకే ఈ దెయ్యం వేషాలు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రోడ్డు మీద చల్లే ఉప్పు ఆ స్క్రూను తినేస్తుంది. స్క్రూ విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించి, పైన కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి.

ఒక వైపు మాత్రమే వెలగకపోతే బల్బో, దాని హోల్డరో. అసలేమీ వెలగకపోతే ముందు కారు ఫ్యూజు చూడండి. తర్వాత ప్లగ్గు కింద రోడ్డుకు రాసుకుని అరిగిందేమో చూడండి. తీగ పొడుగ్గా వేలాడుతుంటే సాధారణంగా జరిగేది అదే.

గంటకు 60 మైళ్ళు దాటగానే ట్రైలర్ తోక ఊపుతోంది

ఉన్నపళంగా బ్రేకు తొక్కొద్దు. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. ఊపు సద్దుమణిగాక పక్కకు ఆపండి.

ట్రైలర్ ముక్కు కారు వెనక దాన్ని తగిలించే గుండు (బాల్) మీద చాలినంత బరువు మోపకపోవడమే దీనికి సాధారణ కారణం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు ఉండాలి. పడవతో కలిపి 180 కిలోలుంటే 18 నుంచి 27 కిలోలు. బాత్రూమ్‌లో బరువు చూసుకునే మిషన్ మీద ముక్కు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. డాలీ (పడవను ఒడ్డున తోసే చిన్న బండి), చుక్కాని, సామాన్ల పెట్టె అన్నీ వెనక కట్టేసి, "తీసుకోవడానికి వీలుగా ఉంటుంది" అనుకుంటాం. అవన్నీ ముందుకు జరపండి, లేదా కార్లో వేయండి. బాల్ సైజు కూడా చూసుకోండి. 2 అంగుళాల కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ మూతి) కింద 1⅞ అంగుళాల బాల్ పెడితే ఇంటి ముందు పట్టినట్టే ఉంటుంది, గుంతలో పడ్డప్పుడు ఎగిరి ఊడుతుంది. సేఫ్టీ గొలుసులు ముక్కు కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి పోవాలి.

పడవకు వర్జీనియాలో బిగించిన పట్టీ సౌత్ కరోలినాలో వదులైంది

పట్టీకీ కవరుకీ మధ్య గడ్డకట్టిన మంచు కరిగింది, అంతే. తెల్లారి గ్యారేజీ బయట లాగి చూస్తే రాయిలా బిగిసి ఉంటుంది, ఎందుకంటే అది మంచు బిగువు. బయలుదేరే ముందు మంచు దులిపి కట్టండి. 50 మైళ్ళు వెళ్ళాక ఒకసారి, తర్వాత వాతావరణం మారిన ప్రతిచోటా మళ్ళీ చూడండి. మీటతో బిగించే రాట్చెట్ పట్టీతో పడవ అంచు నలిగేలా బిగించకండి. దానికి నాలుగు టన్నుల లారీ సరుకు, మీ 59 కిలోల ఫైబర్‌గ్లాసు ఒకటే. బకిల్ పట్టీ చాలు. పట్టీని మధ్యలో ఒక మెలిక తిప్పితే గాలికి బర్రుమనదు.

టైరు ప్రెషర్ రోజుకో రకంగా చూపిస్తోంది

చలి నుంచి వేడిలోకి పోతే గాలి వ్యాకోచిస్తుంది. కారు టైరుకు 10 డిగ్రీల ఫారన్‌హీట్‌కు ఒక పీఎస్ఐ అంటారు. 60 పీఎస్ఐ కొట్టే ట్రైలర్ టైరుకు అది ఒకటిన్నర దాకా వస్తుంది. ఇంటి దగ్గర 20 డిగ్రీలు, ఫ్లోరిడాలో 80 అయితే తొమ్మిది పీఎస్ఐ పెరుగుతుంది. పగలు ఆగినప్పుడు వేడి టైరులోంచి గాలి తీయకండి. మర్నాడు ఉదయం, కదలకముందు చూసి సరిచేయండి. గాలి బాగానే ఉండి పక్క గోడలు పగుళ్ళిస్తే వయసు సమస్య. టైరు మీద డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చూడండి: 3518 అంటే 2018లో 35వ వారం. ఐదారేళ్ళు దాటితే, టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా మార్చేయండి.

స్టెప్నీ ఉంటే సరిపోదు. కారు పానా ట్రైలర్ నట్లకు పట్టకపోవచ్చు, కారు జాకీ ఇరుసు కింద దూరకపోవచ్చు. పెరట్లోనే ఒక చక్రం ఊడదీసి చూస్తే తేలిపోతుంది.

అసలు రోడ్డే ఆగిపోయింది

2022 జనవరి 3, 4 తేదీల్లో మంచు కురిసి వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ ప్రాంతంలో ఐ-95 స్తంభించింది. సెనేటర్ టిమ్ కేన్ కూడా 27 గంటలు దారిలోనే ఇరుక్కున్నారు. దీనికి రిపేరు లేదు. సగం ట్యాంకుకు తగ్గకుండా పెట్రోలు, దుప్పట్లు, ఒక డబ్బా పులిహోర ఉంటే చాలు. పులిహోర చలికి పాడవదు, కారులో గిన్నె కూడా అక్కర్లేదు.

మయామీలో దింపితే పడవలో నీళ్ళు

బయలుదేరే ముందు పడవలో మిగిలిన నీళ్ళు రాత్రి గడ్డకట్టి వ్యాకోచిస్తే అతుకులు విచ్చుకుంటాయి. అందుకే ఇంటి దగ్గరే పూర్తిగా వంచేసి, వెనక బిరడా తీసి ప్రయాణం చేయండి. లోపలి గాలి వేడికి ఉబ్బినా బయటికి పోతుంది. నీళ్ళలో దింపే ముందు మాత్రం బిరడా పెట్టడం మరిచిపోవద్దు. మరిచిపోయిన పిల్లలు ప్రతి రెగట్టాలో ఒకరైనా ఉంటారు.

ఇంకో పని, మొదటి రేసుకు ముందు రోజు సాయంత్రమే చేయండి. 1,250 మైళ్ళ ఉప్పూ ఇసకా మాస్ట్ (తెరచాప స్తంభం) దిగే గొట్టంలో పేరుకుని ఉంటుంది. అలాగే మాస్ట్ దింపితే అది తిరిగినప్పుడల్లా అడుగు అరుగుతుంది. మంచి నీళ్ళతో కడిగి, ఆ గొట్టాన్ని నిండా నింపి పావుగంట చూడండి. నీటి మట్టం దిగిందంటే అడుగున చిల్లు పడింది, ఆ నీళ్ళు పడవ పొట్టలోకి పోతున్నాయి. ఇంట్లోని చల్లటి గ్యారేజీలో ఎపాక్సీ పట్టడానికి రోజులు పట్టేది. ఇక్కడ ఆరబెట్టి పూసి ఉంచితే తెల్లారేసరికి గట్టిపడుతుంది.