ఖాతాలో డబ్బు పోయిందా? ఫోన్‌లో కనిపించే గుర్తులు, కారణాలు, వెంటనే చేయాల్సిన పనులు

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర సెల్ రిపేర్ షాపు నడుపుతాను. వడ్లు కాంటా అయ్యి, ఐకేపీ సెంటర్ల (మహిళా సంఘాలు వడ్లు కొనే చోట్ల) డబ్బులు ఖాతాల్లో పడే రోజుల్లో "అన్నా, ఫోన్ల ఏదో ఐతుంది, జర చూడు" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువవుతారు. చాలామంది డబ్బు పోయిన రెండో రోజో మూడో రోజో వస్తారు. ఇంట్లో తెలిస్తే తిడతారని అప్పటిదాకా లోపలే పెట్టుకుంటారు. ఆ ఆలస్యం నన్ను చాలా బాధపెడుతుంది.

ఎందుకంటే పోయిన డబ్బు ఒక్కచోట ఉండదు. ఒక ఖాతా నుంచి నాలుగు ఖాతాల్లోకి, అక్కడి నుంచి ఏటీఎంకు పోతుంది. మధ్యలో ఎక్కడ దొరికితే అక్కడ ఆపించడానికే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930 ఉంది. కింద చెప్పే సమస్యల్లో ఏదైనా సరే, డబ్బు కట్ అయితే మొదటి పని 1930కి ఫోన్, రెండోది బ్యాంకుకు ఫోన్. ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ (ఆ లావాదేవీ) నంబరు దగ్గర పెట్టుకోండి.

సమస్య: ఫోన్ వేడెక్కుతోంది, మెసేజ్‌లు రావట్లేదు, నా పేరుతో గ్రూపుల్లో ఏదో ఫైల్ పోతోంది

దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బస్ టికెట్లు, పాస్‌బుక్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లోనే ఫోన్ కూడా ఉంది. మెసేజ్‌లు తెరిస్తే మూడు రోజులుగా ఒక్కటీ లేదు. యాప్‌ల జాబితాలో పేరు లేని, బొమ్మ లేని ఒకటి కనిపించింది. దాన్ని తీసేద్దామని నొక్కితే సెట్టింగ్స్ తెర దానంతట అదే మూసుకుపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే.

కారణం: కుల సంఘం గ్రూపులో వచ్చిన "పీఎం కిసాన్ కేవైసీ" ఫైలు. పేరు చివర ఏపీకే అని ఉంటుంది, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు. పంపింది తెలిసిన మనిషి నంబరే, కానీ ఆయన ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉంది. ఆ యాప్ మెసేజ్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీద ఉన్నది చూసి, మన బదులు నొక్కే వీలు) అడిగి తీసుకుంటుంది. ఇక ఓటీపీ మీకు కనిపించకుండానే వాళ్లకు చేరుతుంది. రైతు భరోసా, సన్నాల బోనస్, ఆర్‌టీవో చలానా, పెళ్లి పత్రిక... పేరు ఏదైనా లోపల ఉండేది ఇదే.

పరిష్కారం: వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆపండి. సిమ్ తీసి కీప్యాడ్ ఫోన్‌లో వేసి దాని నుంచే 1930కి, బ్యాంకుకు మాట్లాడండి. అదే ఫోన్‌లో ##002# కొడితే చాలా నెట్‌వర్క్‌లలో కాల్ ఫార్వర్డింగ్ (మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లడం) రద్దవుతుంది. పాడైన ఫోన్‌లో ఆ వాట్సాప్ మెసేజ్‌ను ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకు కావాలి. తర్వాత ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (బయట నుంచి ఎక్కిన యాప్‌లు పనిచేయకుండా) ఆన్ చేసి, సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అధికారం ఉన్న యాప్‌ల) జాబితాలోంచి ఆ యాప్‌ను తప్పించి, అప్పుడు తీసేయాలి. నా మాట వినేవాళ్లకు మాత్రం ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లో ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేయడం) చేయించమనే చెబుతాను. సగం శుభ్రం చేసిన ఫోన్‌లో బ్యాంకు యాప్ వాడొద్దు. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

పెద్దాయన నా కౌంటర్ దగ్గరే నిలబడి 1930కి చెప్పాడు. మూడు రోజులు గడిచినా కొంత మొత్తం ఆగింది. మొదటి రోజే వచ్చి ఉంటే ఇంకెంత ఆగేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

సమస్య: డబ్బు వస్తుందంటే పిన్ కొట్టాను, ఉన్నది పోయింది

యూపీఐ పిన్ డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూడటానికి. తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ కూడా అక్కర్లేదు. బత్తాయి తోట గుత్తకు తీసుకుంటామని ఫోన్‌లోనే బేరమాడి "అడ్వాన్స్ పంపుతున్నా, స్కాన్ చెయ్" అన్నవాడు కొనడానికి రాలేదు. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ మీదే ఫిర్యాదు పెట్టే చోటు ఉంటుంది, 1930 తర్వాత అదీ చేయండి.

సమస్య: ఓటీపీ రాలేదు, పిన్ చెప్పలేదు, అయినా పైసలు డ్రా అయ్యాయి

మెసేజ్‌లో ఏఈపీఎస్ అని ఉందేమో చూడండి. అంటే ఆధార్, వేలిముద్రతో ఎవరో తీశారు. ఉపాధి హామీ, పింఛను డబ్బులు వేలు పెట్టి తీసుకునే మన పల్లెల్లో ఇది అమ్మమ్మలకే ఎక్కువ జరుగుతుంది. "ముద్ర పడలేదు, మళ్లీ పెట్టు" అని రెండుసార్లు పెట్టిస్తే ప్రతిసారీ స్లిప్ అడగాలి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకుంటే వేలిముద్ర పనిచేయదు. డ్రా చేసే రోజు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు.

సమస్య: నాన్న గది తలుపేసుకుని వీడియో కాల్‌లో ఉన్నాడు, అన్నానికి పిలిచినా రావట్లేదు

ఇది ఇంట్లోవాళ్లు పట్టుకోవాల్సిన గుర్తు. అటువైపు పోలీసు యూనిఫాంలో ఒకడు "మీ ఆధార్‌తో డ్రగ్స్ పార్శిల్ దొరికింది, ఎవరికీ చెప్పొద్దు" అని బెదిరిస్తుంటాడు. దీన్నే డిజిటల్ అరెస్ట్ అంటారు, అలాంటిది మన చట్టంలోనే లేదు. ఏ పోలీసూ, సీబీఐ కూడా వీడియో కాల్‌లో అరెస్టు చేయదు, డబ్బు అడగదు. లోపలికి వెళ్లి కాల్ కట్ చేయండి, ఆ పూట ఆయన్ను ఒంటరిగా వదలకండి. భయపడినందుకు మందలించొద్దు, అప్పటికే మనిషి టెన్షన్‌తో వణికిపోతుంటాడు.

సమస్య: ఏ తప్పూ చేయలేదు, ఖాతా ఫ్రీజ్ అయింది

జడ్చర్ల, మహబూబ్‌నగర్ నుంచి వచ్చే డిగ్రీ పిల్లలు చెబుతుంటారు. "కమీషన్ ఇస్తాం, నీ ఖాతా వాడుకుంటాం" అన్నవాళ్లకు ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చి ఉంటారు. ఎవరి దగ్గరో దోచిన డబ్బు వీళ్ల ఖాతాలోంచి పోయింది. ఇది కేసయ్యే విషయం. దాచకుండా ఇంట్లో చెప్పి, బ్యాంకు నుంచి ఏ స్టేషన్ ఫ్రీజ్ చేయించిందో రాసి తెచ్చుకుని లాయర్‌ను కలవాలి.

ఆగిన డబ్బు చేతికి రావాలంటే

1930కి చెప్పాక వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ నంబరును పాస్‌బుక్ మీదే రాసి పెట్టుకోండి. ఫ్రీజ్ అయిన మొత్తం ఎక్కువగా కోర్టు ఉత్తర్వు మీద తిరిగొస్తుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా ఇప్పించారు. 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పని దినాల్లో బ్యాంకుకు చెబితే భారం మన మీద పడదు. పిన్, ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే, చెప్పేలోపు పోయింది మనది, చెప్పాక పోయింది బ్యాంకుది. అందుకే ఫోన్ చేసి ఊరుకోకుండా, బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద తేదీ, సమయంతో ముద్ర వేయించుకోండి.